మెదడు స్కాన్ల విశ్లేషణలో పీహెచ్‌డీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఆర్ఐ చిత్రాల విశ్లేషణ మీద పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్ల కోసం, చేరదామా వద్దా అని ఊగుతున్నవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. వరసగా చదవనక్కర్లేదు. తల కదలిక మీదా, మెషీన్ లెర్నింగ్ మీదా ఉన్న జవాబులు మాత్రం దాటెయ్యకండి. థీసిస్‌లు ఎక్కువగా ఇరుక్కునేది ఆ రెండు చోట్లే.

రేడియాలజిస్టు చేసేదీ ఇదీ ఒకటేనా?

కాదు. రేడియాలజిస్టు ఒక మనిషి స్కాన్ చూసి ఆ మనిషికి ఏముందో చెబుతారు. ఈ పరిశోధనలో వందలమంది స్కాన్లను అంకెలుగా మార్చి, ఈ గుంపుకీ ఆ గుంపుకీ తేడా ఉందా, వయసుతో ఏది మారుతోంది అని అడుగుతాం. గుంపు సగటులో కనబడ్డ తేడాతో ఒక్క మనిషి జబ్బు చెప్పలేం. మీరు ఈ పనిలో చేరారని తెలియగానే చుట్టాలు ఫిల్ము ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, "కాస్త చూసి చెప్పు" అని. డాక్టరుకి చూపించమని చెప్పడం ఒక్కటే సరైన జవాబు.

ఎఫ్ఎంఆర్ఐ నిజంగా దేన్ని కొలుస్తుంది?

మెదడు పనిచేస్తుండగా వరసగా తీసే ఎంఆర్ఐ ఇది. కొలిచేది ఆలోచనను కాదు, న్యూరాన్ల (నాడీకణాల) విద్యుత్తునూ కాదు. రక్తంలోని ఆక్సిజన్ మార్పును. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా చెదరగొడుతుంది. ఒక చోట న్యూరాన్లు పనిలో పడితే అక్కడికి అవసరానికి మించి తాజా రక్తం వస్తుంది, ఆ చెదరడం తగ్గుతుంది, సిగ్నల్ కాస్త పెరుగుతుంది. సెయిజి ఒగావా బృందం దీన్ని 1990లో జంతువుల్లో చూపించింది. 1992లో మనుషుల్లో చేసిన ప్రయోగాలు అచ్చయ్యాయి.

ఈ రక్తం స్పందన మెల్లగా నడుస్తుంది. ఉద్దీపన (చూపించే బొమ్మ, వినిపించే శబ్దం లాంటిది) ఇచ్చాక 5, 6 సెకన్లకు శిఖరానికి చేరి, తిరిగి మామూలు స్థితికి రావడానికి మరో 10, 15 సెకన్లు తీసుకుంటుంది. అందుకే రెండు ఘటనల మధ్య ఎప్పుడూ ఒకే చిన్న విరామం పెడితే వాటి స్పందనలు ఒకదానిమీద ఒకటి పడి విడదీయడం కష్టమవుతుంది. విరామాలను మార్చి మార్చి పెట్టండి. 3 మి.మీ. వాక్సెల్‌లో (చిత్రంలోని అతిచిన్న ఘనపు గడిలో) లక్షల న్యూరాన్లుంటాయని కూడా గుర్తుంచుకోవాలి. "ఇక్కడ వెలిగింది కాబట్టి భయపడుతున్నారు" అనే రకం వాక్యం థీసిస్‌లో కనిపిస్తే పరీక్షకులు అక్కడే ఆగుతారు. భయంతో ముడిపెట్టే అమిగ్డలా అనే మెదడు భాగం భయానికే కాదు, కొత్తదనానికీ, ఇష్టమైనవాటికీ కూడా స్పందిస్తుంది.

మిగతా రెండు ప్రధాన రకాలు: మెదడు ఆకారం చూపే టీ1 (సాధారణంగా 1 మి.మీ. వాక్సెల్), నీటి అణువుల కదలికను బట్టి మెదడు ప్రాంతాలను కలిపే తెల్ల పదార్థంలోని దారులను అంచనా వేసే డిఫ్యూజన్. ఆ కదలికను లెక్కగట్టే డిఫ్యూజన్ టెన్సర్ మోడల్‌కి సిద్ధాంతం ప్రకారం 6 దిశల్లో కొలిస్తే చాలు, కానీ ఆచరణలో 30కి తక్కువ తీసుకోకండి.

ఎంబీబీఎస్ చదవలేదు. చెయ్యగలనా?

ఈ రంగంలో ఇంజినీరింగ్, ఫిజిక్స్, సైకాలజీ, స్టాటిస్టిక్స్ నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది. లీనియర్ ఆల్జీబ్రా, రిగ్రెషన్, పైథాన్, లినక్స్ టెర్మినల్ తప్పనిసరి. మెదడు చిత్రాలను విశ్లేషించే ఎఫ్ఎస్ఎల్, ఏఎఫ్ఎన్ఐ, ఫ్రీసర్ఫర్ ప్రోగ్రాములు మూడూ లినక్స్ లేదా మ్యాక్ కోసం రాసినవి. విండోస్‌లో అయితే దానిలోనే లినక్స్ వ్యవస్థ పెట్టుకోవాలి. ఎస్‌పీఎమ్ అనే మరో ప్రోగ్రాముకి మామూలుగా మ్యాట్‌ల్యాబ్ కావాలి.

శరీర నిర్మాణం పుస్తకంతో రాదు, కళ్లతో వస్తుంది. రోజుకి రెండు టీ1 స్కాన్లు తెరిచి, మూడు కోణాల్లో పొరపొరా జరుపుతూ హిప్పోక్యాంపస్, వెంట్రికల్స్, థాలమస్, సెంట్రల్ సల్కస్ లాంటి మెదడు భాగాలు వెతకండి. మూడు నెలలు చేస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పు గీత గీసిందో చూడగానే పట్టేస్తారు. ఈ కన్ను లేకుండా పైప్‌లైన్ (వరసగా నడిచే విశ్లేషణ ప్రోగ్రాముల గొలుసు) ఎంత బాగా నడిపినా లాభం లేదు.

ఎక్కడ చేరొచ్చు? ఫెలోషిప్ ఎంత?

హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. బయట బెంగళూరు నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ, మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రిసెర్చ్ సెంటర్, తిరువనంతపురం శ్రీ చిత్ర ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. చేరేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: పరిశోధనకు స్కానర్ సమయం వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది? రోగులతో నిండిన ఆస్పత్రి స్కానర్‌లో పరిశోధనకు మిగిలేది చాలాసార్లు రాత్రిపూటే.

2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ప్రకారం కేంద్ర ఫెలోషిప్ జేఆర్ఎఫ్‌కి (జూనియర్ దశ) నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్‌కి (సీనియర్ దశ) 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకూ, వికలాంగులకూ మరో 2 ఏళ్ల సడలింపు. స్కాన్లు మీరే సేకరించాలనుకుంటే ఎథిక్స్ అనుమతి నుంచి చివరి స్కాన్ దాకా రెండేళ్లు పోయినా ఆశ్చర్యపోకండి.

సొంతంగా స్కాన్లు తీసే వీలు లేదు. డేటా ఎక్కడ దొరుకుతుంది?

ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైటు నుంచి అనుమతులతో పనిలేకుండా దింపుకోవచ్చు. హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టులో 22 నుంచి 35 ఏళ్ల మధ్యవాళ్లు దాదాపు 1,200 మంది ఉన్నారు, 2 మి.మీ. వాక్సెల్, 0.72 సెకన్లకో చిత్రం. ఆటిజం మీదైతే అబైడ్ అనే డేటా మొదటి విడతలో 17 కేంద్రాల నుంచి 1,112 మంది. అల్జీమర్స్‌కి 2004లో మొదలైన ఆడ్ని అనే డేటా. దానికి దరఖాస్తు పెట్టాలి, పేపరు పంపేముందు వాళ్ల కమిటీకి చూపించాలి. యూకే బయోబ్యాంక్‌కి రుసుము కట్టాలి.

ఉచితంగా దొరికిందని ముందే దింపుకుని, తర్వాత ప్రశ్న వెతుక్కోకండి. అడగదలచుకున్నది రాసుకుని, దానికి కావలసిన కొలతలు ఆ డేటాలో ఉన్నాయో లేవో పట్టిక చూసి తేల్చుకున్నాకే దింపండి. కుడిచేతివాటమా ఎడమచేతివాటమా, మందులు వాడుతున్నారా, ఎన్నేళ్లు చదివారు లాంటి గడులు చాలా డేటాల్లో సగం ఖాళీగా ఉంటాయి.

ఎలాంటి కంప్యూటర్ కావాలి?

చిన్న లెక్క. 64×64 గడుల పొరలు 36, మొత్తం 300 చిత్రాలు, ఒక్కో అంకెకి 2 బైట్లు: ఒక్క పది నిమిషాల ఎఫ్ఎంఆర్ఐ దాదాపు 88 ఎంబీ. ఇది ముడి డేటా. విశ్లేషణలో మధ్యంతర ఫైళ్లు పుట్టి ఒక్కొక్కరికి పదుల జీబీ తింటాయి. 32 జీబీ ర్యామ్, 8 కోర్లు, 4 టీబీ డిస్కు ఉంటే ఒంటరిగా 50, 60 మంది డేటాతో పని నడుస్తుంది. అంతకు మించితే క్లస్టర్ (కలిపి నడిపే కంప్యూటర్ల సముదాయం) కావాలి. ఫ్రీసర్ఫర్ ఒక్క మెదడుకి 6 నుంచి 10 గంటలు తీసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నంత మాత్రాన అది పరుగెత్తదు. డీప్ లెర్నింగ్ చేస్తే తప్ప ఆ కార్డు మీద డబ్బు పెట్టకండి, ఆ సొమ్ము రెండో బ్యాకప్ డిస్కుకి పెట్టండి.

స్కానర్ నుంచి డేటా చేతికొచ్చింది. మొదట ఏం చెయ్యాలి?

స్కానర్ ఇచ్చిన ముడి డైకామ్ ఫైళ్లను చదవడానికి మాత్రమే వీలయ్యేలా తాళం వేసి, ఒక నకలు వేరే చోట పెట్టండి. తర్వాత డీసీఎం2ఎన్ఐఐఎక్స్ అనే ప్రోగ్రాముతో, విశ్లేషణ ప్రోగ్రాములు చదివే నిఫ్టీ ఫార్మాట్‌లోకి మార్చండి. అది ప్రతి చిత్రం పక్కన స్కాన్ వివరాలతో ఒక జేసన్ ఫైలు రాస్తుంది. చాలామంది దాన్ని తెరవనే తెరవరు. టీఆర్ (చిత్రానికీ చిత్రానికీ మధ్య సమయం), పొరలు తీసిన క్రమం, ఫేజ్ ఎన్‌కోడింగ్ దిశ (చిత్రం సాగిపోయే దిశ) సాధారణంగా అందులోనే ఉంటాయి.

ఫైళ్ల పేర్లు బిడ్స్ పద్ధతిలో పెట్టండి. 2016లో వచ్చిన ఈ ఏర్పాటు వల్ల ఒకరి డేటా మీద ఇంకొకరి ప్రోగ్రాము మార్పుల్లేకుండా నడుస్తుంది. దాన్ని తనిఖీ చేసే బిడ్స్ వ్యాలిడేటర్ ఎర్రగా చూపించినవన్నీ సరిచేశాక స్కాన్ నాణ్యత కొలిచే ఎమ్ఆర్ఐక్యూసీ నడిపి, ప్రతి స్కానూ కళ్లతో చూడండి. అందరికీ చిత్రాల సంఖ్య ఒకటేనా? ఎవరికైనా 300 బదులు 297 ఉంటే స్కాన్ మధ్యలో ఆగిందని అర్థం. ఒకే మనిషి రెండు పేర్లతో ఉన్నాడా? సుమారు 200 స్కాన్ల డేటాలో ఇలాంటివి నాలుగైదు లేకపోతేనే అనుమానించాలి.

పొరల క్రమంలో ఒక మెలిక. సీమెన్స్ యంత్రాల్లో ఒకటి విడిచి ఒకటి తీసే పద్ధతిలో పొరల సంఖ్య బేసి అయితే మొదటి పొరతో, సరి అయితే రెండో పొరతో మొదలవుతుంది. నోటిమాటగా విన్న క్రమాన్ని నమ్మకండి, జేసన్‌లోని సమయాలనే వాడండి.

కుడి, ఎడమ తారుమారు కావడం నిజంగా జరుగుతుందా?

జరుగుతుంది, పైగా కంటికి దొరకదు. మెదడు రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి తిప్పేసినా తేడా తెలియదు. పాత ఎనలైజ్ ఫార్మాట్‌లో దిశ సమాచారం సరిగా ఉండదు. దానికి తోడు రేడియాలజీ పద్ధతిలో రోగి ఎడమ మన కుడివైపు కనిపిస్తుంది, న్యూరాలజీ పద్ధతిలో ఎడమ ఎడమవైపే. తేలికైన మందు: స్కాన్ చేసేటప్పుడు నుదుటికి కుడివైపు ఒక విటమిన్ ఇ క్యాప్సూల్ టేపుతో అంటించడం. నూనె ఉంటుంది కాబట్టి టీ1లో తెల్లగా వెలుగుతుంది.

ప్రీప్రాసెసింగ్ (విశ్లేషణకు ముందు శుభ్రం చేసే పని) అంతా ఎఫ్ఎంఆర్ఐప్రెప్ అనే ప్రోగ్రామే చేసేస్తుంది కదా, ఇంక నేర్చుకోవడానికేముంది?

తల కదలిక సరిచేయడం, పొరల సమయం సర్దడం, క్షేత్ర వక్రత సరిచేయడం, టీ1తో జతచేయడం, ప్రామాణిక మెదడు ఆకారంలోకి మార్చడం అది చేస్తుంది. చిత్రాన్ని నునుపు చెయ్యదు. కదలిక, శ్వాసల జాడను సిగ్నల్ నుంచి కడిగెయ్యదు. వాటికి కావలసిన పట్టిక రాసి మీ చేతిలో పెడుతుంది, అంతే. అది ఇచ్చిన చిత్రాన్ని నేరుగా కనెక్టివిటీ (ప్రాంతాల మధ్య సంబంధం) లెక్కలోకి ఎక్కించడం మొదటి ఏడాది విద్యార్థులు చేసే మామూలు తప్పు.

క్షేత్ర వక్రత విషయం కాస్త ఓపిగ్గా చూడండి. గాలి నిండిన సైనస్‌ల పైన, చెవుల దగ్గర చిత్రం సాగిపోతుంది, కొన్నిచోట్ల సిగ్నల్ పూర్తిగా మాయమవుతుంది. సాగినదాన్ని ఎదురు దిశలో తీసిన ఒక చిన్న స్కాన్‌తో వెనక్కి తేవచ్చు. అది తీయడానికి అర నిమిషం పట్టదు, అయినా మర్చిపోతారు. మాయమైనదాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. నుదుటి వెనక కిందిభాగం మీద మీ ప్రశ్న ఉంటే అక్కడ అసలు సిగ్నల్ ఉందో లేదో ముందే చూసుకోండి.

రెస్టింగ్ డేటాకి (ఏ పనీ ఇవ్వకుండా ఊరికే పడుకోబెట్టి తీసినదానికి) 0.01 నుంచి 0.1 హెర్ట్జ్ వడపోత పెడుతుంటే, వడపోతనూ కదలిక తొలగింపునూ ఒకే మోడల్‌లో కలిపి చెయ్యండి. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే మొదట తీసేసిన చెత్త రెండో అడుగులో తిరిగొస్తుంది.

తల కదలిక గురించి ఇంత గొడవెందుకు?

ఎందుకంటే అది సరిగ్గా మెదడు ఫలితంలాగే కనిపిస్తుంది. కదిలినప్పుడు దగ్గరి ప్రాంతాల మధ్య సంబంధం ఎక్కువగా, దూరపు ప్రాంతాల మధ్య తక్కువగా లెక్కకొస్తుంది. అంతకుముందు చాలా అధ్యయనాలు పిల్లల మెదడు ఎదుగుదలలో చూశామన్నది ఇదే నమూనా: చిన్నప్పుడు దగ్గరి సంబంధాలు, పెద్దయ్యాక దూరపువి. పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ కదులుతారు మరి. 2012లో మూడు వేర్వేరు బృందాలు ఈ సంగతి బయటపెట్టాక ఆ ఫలితాల్లో ఎంత ఎదుగుదలో, ఎంత కదలికో మళ్లీ తూచుకోవాల్సి వచ్చింది. ఆటిజం, ఏడీహెచ్‌డీ, పార్కిన్సన్స్ అధ్యయనాలన్నింటికీ ఇదే ముప్పు, రోగుల గుంపు సాధారణంగా ఎక్కువే కదులుతుంది కాబట్టి.

కొలత పేరు ఫ్రేమ్‌వైజ్ డిస్‌ప్లేస్‌మెంట్. ఒక చిత్రానికీ ముందుదానికీ మధ్య మూడు జరుగుళ్లు, మూడు తిరుగుళ్లలో వచ్చిన మార్పుల మొత్తం. తల 50 మి.మీ. వ్యాసార్ధమున్న గోళం అనుకుని తిరుగుళ్లను మి.మీ.లోకి మారుస్తారు, 1 డిగ్రీ తిరిగితే 0.87 మి.మీ. అన్నమాట. రెస్టింగ్ స్కాన్‌లో కఠినంగా ఉండాలంటే 0.2 మి.మీ., కాస్త సడలిస్తే 0.5 దాటిన చిత్రాలను పక్కన పెడతారు. పోగా 5 నిమిషాల డేటా కూడా మిగలని మనిషిని వదిలెయ్యండి. ఆ హద్దు ఏదో ఫలితం చూడకముందే కాగితం మీద రాసుకోండి. చూశాక మార్చిన హద్దు ఎప్పుడూ మీకు కావలసినవైపే మారుతుంది.

వేగంగా తీసే మల్టీబ్యాండ్ స్కాన్లలో ఇంకో చిక్కు. శ్వాస తీసినప్పుడు ఛాతీ క్షేత్రాన్ని చెదరగొట్టి, తల కదలకపోయినా ఫేజ్ ఎన్‌కోడింగ్ దిశలో కదిలినట్టు లెక్క చూపిస్తుంది. 0.72 సెకన్ల డేటాకి 2 సెకన్ల డేటా హద్దును గుడ్డిగా తగిలిస్తే సగంమంది ఎగిరిపోతారు.

ఇదంతా తర్వాతి కడుగుడు. అడుసు తొక్కకుండా ఉండడం ఇంకా మేలు: తల చుట్టూ దిండ్లు బిగించడం, నుదుటిమీద టేపు, ముందురోజే డమ్మీ స్కానర్‌లో పడుకోబెట్టి అలవాటు చేయించడం, ఒక్కో రన్ 6, 7 నిమిషాలు మించకుండా చూడడం.

ఫ్రీసర్ఫర్ కార్టెక్స్ (మెదడు పై పొర) మందం ఇచ్చింది. నమ్మొచ్చా?

సగటు 2.5 మి.మీ. దరిదాపుల్లో ఉంటే సరే, కానీ సగటు చాలా తప్పుల్ని దాస్తుంది. మామూలుగా తప్పేవి రెండు. చిత్రంలోంచి కపాలం తీసేటప్పుడు దాని కిందుండే డ్యూరా పొర అంటుకుపోయి బయటి గీత దానిదాకా పాకుతుంది, మందం పెరుగుతుంది. లేదా చెవుల దగ్గరి టెంపోరల్ భాగంలో చిత్రం వెలుగు తగ్గి తెల్ల పదార్థం తెగిపోతుంది. అక్కడ కంట్రోల్ పాయింట్లు (ఇది తెల్ల పదార్థమేనని చెప్పే చుక్కలు) పెట్టి మళ్లీ నడపాలి. సరిదిద్దేవాళ్లకి ఎవరు రోగి, ఎవరు కాదు అన్నది తెలియకూడదు.

వర్షన్ మధ్యలో మార్చకండి. వర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ మారితేనే అదే స్కాన్‌కి వేరే అంకెలు వస్తాయని 2012లో ఒక అధ్యయనం చూపించింది. రోగులను పాత ల్యాప్‌టాప్‌లో, ఆరోగ్యవంతులను కొత్త సర్వర్‌లో నడిపితే మీరు కనుక్కునేది కంప్యూటర్ల మధ్య తేడాని. హిప్పోక్యాంపస్ లాంటి ఘనపరిమాణాలకు తల పరిమాణాన్ని మోడల్‌లో పెట్టండి. మందానికి సాధారణంగా అది అక్కర్లేదు.

పైప్‌లైన్ మధ్యలో ఆగిపోతోంది. కారణం తెలియడం లేదు.

ముందు లాగ్ చివర చూడండి. 137 అనే అంకె ఉంటే మెమరీ చాలక సిస్టమే చంపేసింది. ఒకేసారి నడిపే మనుషుల సంఖ్య తగ్గించండి. డిస్కు నిండడం రెండో కారణం. క్లస్టర్‌లో పని నడిచే యంత్రాలకు ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ప్రామాణిక మెదడు ఫైళ్లు దింపుకోలేక ఆగడం మూడోది. వాటిని లాగిన్ యంత్రంలో ముందే దింపాలి. ఫ్రీసర్ఫర్ లైసెన్సు ఫైలు ఉచితమే, కానీ ప్రోగ్రాము నడిచే కంటైనర్ లోపలికి దాని దారి చూపించాలి. ఫోల్డర్ పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు పెట్టకండి. మనకి ఎంత ఇష్టమైనా పాత స్క్రిప్టులు వాటిని మింగలేవు.

మన మెదళ్లను పాశ్చాత్యుల ప్రామాణిక మెదడులోకి మార్చడం సబబేనా?

న్యాయమైన సందేహం. అందరూ వాడే ఎంఎన్ఐ నమూనా 152 మంది స్కాన్ల సగటు, మాంట్రియల్‌లో తయారైంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ బృందం 2019లో 100 మంది భారతీయ యువతీయువకుల స్కాన్లతో ఐబీఏ100 అనే అట్లాస్ (మెదడు పటం) తెచ్చింది. సగటున మన మెదళ్ల ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం పాశ్చాత్య నమూనాలకన్నా తక్కువని చూపింది. తెలివితో దానికి సంబంధం అంటగట్టకండి, అది ఆకారం కొలత మాత్రమే.

నమూనా దూరమైనకొద్దీ చిత్రాన్ని ఎక్కువ సాగదీయాలి, చిన్న నిర్మాణాల దగ్గర తప్పు పెరుగుతుంది. కానీ ప్రపంచంలోని ఫలితాలు చాలావరకు ఎంఎన్ఐ అంకెల్లోనే (దానిలోని స్థానాలుగానే) అచ్చయ్యాయి. మా సలహా: భారతీయుల డేటా అయితే ఆకార కొలతలు ఎవరి మెదడులో వాళ్లకే తీయండి. ఎఫ్ఎంఆర్ఐకి దేశీ నమూనా మీదుగా ఎంఎన్ఐకి చేరండి, లేదా మీ డేటా సగటుతోనే ఒక నమూనా చేసుకుని దాని మీదుగా వెళ్లండి. వృద్ధుల డేటాకి ఐబీఏ100 కూడా సరిపోదు, అందులో ఉన్నవాళ్లు 21 నుంచి 30 ఏళ్లవాళ్లు.

గణాంకాల్లో ఎక్కడ జాగ్రత్త పడాలి?

2 మి.మీ. ఎంఎన్ఐ మెదడులో సుమారు 2,28,000 వాక్సెళ్లుంటాయి. ఏ ప్రభావమూ లేకపోయినా 0.05 హద్దు (నూటికి ఐదు తప్పుడు ఫలితాలను ఒప్పుకునే హద్దు) పెడితే దాదాపు 11,400 వాక్సెళ్లు వెలుగుతాయి. 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. ఇన్ని పరీక్షలకు తగ్గ సవరణ లేని హద్దుతో చేప మెదడులో కూడా "స్పందన" కనబడింది. 2012లో దానికి ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వులాటే అయినా ఆ పేపరు తర్వాత సవరణ లేని పటాలు అచ్చువేయించడం కష్టమైంది.

వాక్సెల్ గుంపులను పట్టి సవరించే పద్ధతిలోనూ చిల్లు ఉంది. ఎక్లుండ్ బృందం 2016లో ఆరోగ్యవంతుల రెస్టింగ్ డేటాను యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి పరీక్షిస్తే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని అమరికల్లో 70 శాతం దాకా వచ్చాయి. గుంపు కట్టే మొదటి హద్దు 0.01 లాంటి సడలింపులో ఉన్నప్పుడు దెబ్బ ఎక్కువ. 0.001 పెట్టండి, లేదా 5,000 పైగా పర్ముటేషన్లతో (గుంపుల పేర్లను తారుమారు చేసి మళ్లీ మళ్లీ లెక్కించడంతో) చెయ్యండి.

ఇంకా లోతైన సమస్య మన ఎంపికలదే. 2020లో అచ్చయిన ఒక ప్రయత్నంలో ఒకే డేటాను 70 బృందాలకిచ్చి 9 ప్రతిపాదనలు పరీక్షించమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో వెళ్లలేదు, చాలా ప్రతిపాదనల మీద తీర్పులు కలవలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు. అందుకే విశ్లేషణ ప్రణాళికను ముందే నమోదు చెయ్యమనేది.

ఎంతమంది కావాలి?

ప్రశ్నను బట్టి. అదే మనిషిలో రెండు పనుల మధ్య తేడా చూస్తే, ప్రభావం గట్టిదైతే 25, 30 మందితో నడుస్తుంది. రెండు గుంపుల మధ్య మధ్యస్థమైన తేడా (సగం ప్రామాణిక విచలనం) పట్టాలంటే 80 శాతం శక్తికి (ఉన్న తేడాను పట్టే అవకాశానికి) గుంపుకి 64 మంది. ఒక మానసిక లక్షణానికీ మెదడు కొలతకీ 0.1 సహసంబంధం పట్టాలంటే 780 పైచిలుకు, అదీ ఒక్క పరీక్షే చేస్తే. 40 మందిలో 0.6 వచ్చిందంటే సంబరపడకండి. చిన్న నమూనాలో హద్దు దాటాలంటే అంకె పెద్దగా ఉబ్బాల్సిందే.

మా మెషీన్ లెర్నింగ్ మోడల్ అల్జీమర్స్‌ని 98 శాతం కచ్చితంగా పట్టింది. పేపరు పంపొచ్చా?

ఆగండి. ముందు డేటాను ఎలా విడదీశారో చూడండి. ఒక్క టీ1ని 150 పొరలుగా కోస్తే 100 మందికి 15,000 బొమ్మలొస్తాయి. కానీ మనుషులు ఇప్పటికీ 100 మందే. బొమ్మలను కలిపేసి విడదీస్తే ఒకే మనిషి 70వ పొర శిక్షణలో, 71వ పొర పరీక్షలో పడతాయి. మోడల్ జబ్బును కాదు, మనిషిని గుర్తుపడుతుంది. మనిషివారీగా విడదీసి మళ్లీ నడిపితే 98 కాస్తా 75, 80లోకి దిగడం మామూలే. ఒకే మనిషి రెండేళ్ల తర్వాత తీయించుకున్న స్కాన్ కూడా అదే వైపు ఉండాలి.

రెండో కన్నం లక్షణాల (మోడల్‌కిచ్చే కొలతల) ఎంపిక. 400 ప్రాంతాల అట్లాస్‌లో 79,800 సంబంధాలుంటాయి. అందరి డేటా మీద మంచివి 50 ఏరి, తర్వాత క్రాస్ వ్యాలిడేషన్ (కొంత డేటాపై నేర్పి మిగతాదానిపై పరీక్షించడం) చేస్తే పరీక్షపత్రం ముందే చూసినట్టే. నమ్మకం కుదరకపోతే 40 మందికి ఉత్త యాదృచ్ఛిక అంకెలు వేసి అదే పద్ధతి నడపండి. 90 శాతం దాటుతుంది. ఏరడం, సగటు సర్దడం, స్కానర్ సవరణ అన్నీ శిక్షణ భాగంలోనే జరగాలి.

మూడోది పక్కదారులు. రోగులు పెద్దవయసువాళ్లయితే మోడల్ వయసును నేర్చుకుంటుంది. వయసు ఒక్కటే ఇచ్చి, కదలిక ఒక్కటే ఇచ్చి మోడల్ కట్టి చూడండి. వాటికే 72 శాతం వస్తే మీ 75కి విలువ 3. డేటాలో 80 శాతం ఆరోగ్యవంతులైతే అందరినీ ఆరోగ్యవంతులనే మోడల్‌కీ 80 శాతం వస్తుంది. చివరగా, 40 మంది పరీక్షలో 70 శాతం అంటే నిజం 56కీ 84కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ పరిధిని పట్టికలో రాయండి.

రెండు ఆస్పత్రుల స్కాన్లు కలపొచ్చా?

రెండు చోట్లా రోగులూ, ఆరోగ్యవంతులూ ఉంటే స్కానర్ల తేడా తీసే కాంబ్యాట్ లాంటి సవరణతో కలపొచ్చు. రోగులంతా ఒకచోట, ఆరోగ్యవంతులంతా ఇంకోచోట ఉంటే ఏ లెక్కా కాపాడదు. జబ్బు తేడా ఏదో, యంత్రం తేడా ఏదో విడదీసే దారే లేదు. ఒకే స్కానర్‌కి మధ్యలో సాఫ్ట్‌వేర్ మార్చినా దాన్ని రెండో స్కానర్ కిందే లెక్కపెట్టండి.

తెలుగు భాష మీద పరిశోధన చెయ్యొచ్చా?

చెయ్యడానికి చాలా ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది డిమెన్షియా (మతిమరపు జబ్బు) రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైందని చూపింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలగలిసిన ఊళ్లో ఇది చూడగలిగారు. ఒకే భాష ఊళ్లో కుదరదు.

పనిలో దిగాక వచ్చే చిక్కులు చిన్నవే. ఉద్దీపనలు చూపించే కొన్ని ప్రోగ్రాముల్లో ఒత్తులు విడిపోయి "స్త్రీ" మూడు ముక్కలుగా కనిపిస్తుంది. పదాన్ని బొమ్మగా చేసి పెట్టండి. పదం పొడవును యూనికోడ్ సంకేతాలతో కాక అక్షరాలతో లెక్కపెట్టండి. ఒత్తులున్న పదం ఎత్తు కూడా పెరుగుతుంది, ఆ తేడాకే విజువల్ కార్టెక్స్ స్పందిస్తుంది. జవాబు నోటితో చెప్పించకండి, దవడ కదిలితే తల కదులుతుంది, బటన్ చాలు.

పాల్గొనేవాళ్ల విషయంలో ఏం చూసుకోవాలి?

సమ్మతి పత్రం వాళ్లు మాట్లాడే తెలుగులో ఉండాలి. "అయస్కాంత అనునాద ప్రతిబింబనం" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, "ఎంఆర్ఐ స్కాన్" అనే రాయండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్ఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క స్కానూ తీయకూడదు.

తనిఖీ పత్రంలో పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్, కంట్లో ఇనుప రజను ఉంటాయి. మన దగ్గర ఇంకా కొన్ని కలపాలి: చీర పిన్నీసులు, జడపిన్నులు, మొలతాడుకున్న తాయెత్తు, మెట్టెలు, మంగళసూత్రం, జరీ అంచు. మంగళసూత్రం తీయడానికి ఇష్టపడనివాళ్లని గదిలోకి వచ్చాక ఒత్తిడి చెయ్యకండి. ఫోన్లోనే ముందు చెప్పి, ఇష్టం లేకపోతే వద్దనే అవకాశం ఇవ్వండి.

డైకామ్ తలభాగంలో పేరు, పుట్టినతేదీ ఉంటాయి, తీసెయ్యండి. ముఖమూ తీసెయ్యాలి. 2019లో మేయో క్లినిక్ పరిశోధకులు 84 మంది ఎంఆర్ఐలోంచి ముఖాలు గీయించి, ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి ఫొటోలతో పాటు ఇస్తే 70 మందిని సరిగ్గా పట్టింది. ఆరోగ్యవంతుల స్కాన్లలో కూడా నూటికి రెండు మూడింటిలో అనుకోనిదేదో కనబడుతుంది. అప్పుడు ఎవరు చూడాలి, ఎవరు చెప్పాలి అన్నది మొదటి స్కాన్‌కి ముందే రాసి ఉండాలి. చెప్పేది విద్యార్థి కాకూడదు.

మూడేళ్లు చేశాను, తేడా ఏమీ రాలేదు. థీసిస్ అవుతుందా?

అవుతుంది, మీ స్కాన్లు ఆ తేడాను చూడగల శక్తి ఉన్నవేనని చూపించగలిగితే. బొమ్మ చూడడం, బటన్ నొక్కడం లాంటివాటి తెలిసిన ప్రభావాలు మీ డేటాలో కనబడుతున్నాయా? నమూనా ఎంత తేడాను పట్టగలదో ముందే లెక్కగట్టి ఉందా? విశ్వాస అంతరాలు (నిజమైన విలువ ఉండగల పరిధులు) ఇరుకుగా ఉన్నాయా? ఈ మూడూ ఉంటే "ఇంతకన్నా పెద్ద తేడా ఉండే అవకాశం తక్కువ" అనేది నిజమైన ఫలితం. ప్రణాళికను రిజిస్టర్డ్ రిపోర్టుగా ముందే పంపితే, ఫలితం ఎటు వచ్చినా అచ్చువేస్తామని పత్రిక మాట ఇచ్చేస్తుంది. యూజీసీ 2022 నిబంధనలు థీసిస్‌కి ముందు పత్రికలో పేపరు తప్పనిసరి అనడం లేదు, కానీ మీ విశ్వవిద్యాలయం సొంత షరతు పెట్టి ఉండొచ్చు. రెండో ఏడాదిలోనే అకడమిక్ విభాగంలో అడిగి కాగితం తీసుకోండి.